దాల్సు విన్న చప్పుడు

పోయిన వారం మనం బ్యోన్ దాల్సును ఓక్‌బున్ ఇంటి గడపలో, ఒక బూటు విప్పి రెండోది విప్పకుండా వదిలేశాం. అరవై ఏడేళ్ళ మనిషి వారం రోజులు ఒంటికాలి మీద నిలబడ్డం మాటలు కాదు. అయినా అతగాడి మీద జాలిపడే పని అప్పుడే పెట్టుకోకండి. ఈ ఒక్క మధ్యాహ్నం గడవనివ్వండి, ఆ తర్వాత మీ ఇష్టం.

కథ మధ్యలో వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మాసన్ ఊళ్ళో సొంత టాక్సీ నడిపే తాక్ వన్‌షిక్ పోయి నలభై మూడు రోజులైంది. కొండ సొరంగం నడిమధ్యలో అతని సేబ్యోల్ కారు ఇంజన్ ఉన్నట్టుండి పట్టేసింది. బండి ఆగిన మరుక్షణం వెనకనుంచి సిమెంటు లారీ వచ్చి గుద్దింది. వన్‌షిక్‌తో పాటు వెనక సీట్లో ఉన్న ఇరవై ఆరేళ్ళ నర్సు, ఛే యూన్‌జు అనే పిల్ల, అక్కడికక్కడే పోయింది. సేబ్యోల్ కంపెనీవాళ్ళు ఇంజన్ విప్పి చూసి ఒక ఉత్తరం రాశారు. బండిలో లోపమేమీ లేదట, యజమాని వేళకు ఆయిల్ మార్చలేదట. ముప్పై ఒక్క ఏళ్ళు ఒంటి మీద గీత పడకుండా బండి నడిపి, పోలీసు శాఖ చేత ఉత్తమ డ్రైవరు బ్యాడ్జి పెట్టించుకున్న మనిషి, చచ్చాక ఒక ఆడపిల్లను పొట్టనపెట్టుకున్నవాడయ్యాడు. వన్‌షిక్ పేరెత్తితే యూన్‌జు తల్లి నేలమీద ఉమ్ముతోందని చేపల బజారంతా చెప్పుకుంటోంది.

వన్‌షిక్ అన్నా అని పిలిచే తోటి టాక్సీవాడు దాల్సు సంగతికొస్తే, అతని కొత్త సేబ్యోల్‌కి కూడా ఈ ఏడు వసంతంలో ఇదే జబ్బు చేసింది. సర్వీస్ సెంటర్ మేనేజరు మేంగ్ మూడో కంటికి తెలియకుండా కొత్త ఇంజన్ వేసిచ్చి, ఎవరితోనూ అననని కాగితం మీద దాల్సు చేత సంతకం పెట్టించుకున్నాడు. ఇది ముగ్గురికే తెలుసు: మేంగ్‌కి, దాల్సుకి, మనకి. ఇవాళ పొద్దున వన్‌షిక్ భార్య ఓక్‌బున్ ఫోన్ చేసి, “ఆయన బండిలో కెమెరా కార్డు పోలీసులు ఇచ్చేశారు బావగారూ, ఒకసారి రండి” అన్నప్పటినుంచి దాల్సు గుండె గుండెలో లేదు.

“రెండో బూటు కూడా విప్పండి బావగారూ. చలిగాలి లోపలికొస్తోంది,” అంది లోపలినుంచి ఓక్‌బున్.

దాల్సు బూటు విప్పి లోపలికి వచ్చి తలుపు మూశాడు. వంటింటి ముందు నేలమీద పాత దుప్పటి పరుచుకుని ఓక్‌బున్ క్యాబేజీలు నిలువునా చీల్చి ఆకు ఆకుకీ ఉప్పు చల్లుతోంది. చీల్చినవీ చీల్చాల్సినవీ కలిసి అరవై దాకా ఉన్నాయి. ఒక్క మనిషి తినే తిండికి నాలుగు చలికాలాలు సరిపోయే కిమ్చి పచ్చడి.

“ఇన్నెందుకమ్మా?” అని నోరు జారి, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

“ఆయన ఎండాకాలంలోనే చెప్పి పెట్టారు. రైతు తెచ్చి గుమ్మంలో పడేశాడు. మనిషి పోయాడు, వద్దయ్యా అంటే వెనక్కి తీసుకుపోతాడా? కూర్చోండి. నేల కింద వేడి పెట్టాను, వెచ్చగానే ఉంది.”

దాల్సు చిన్న బల్ల ముందు కూర్చున్నాడు. ఎదురుగా గోడమీద ఫోటో. మూడేళ్ళ కిందట వన్‌షిక్ కొత్త బండి కొని పూజ చేయించినప్పుడు తీసింది. బానెట్ మీద ఉడకబెట్టిన పంది తల, దాని ముందు సాగిలపడి మొక్కుతున్న వన్‌షిక్, ముందు టైరు మీద బియ్యపు కల్లు పోస్తున్న దాల్సు. ఫోటోలో దాల్సు మొహం దేవుడికి నైవేద్యం పెట్టే పూజారి మొహంలా ఉంది. ఇప్పుడు అదే మొహం ఎటు తిప్పుకోవాలో అతనికి తెలియలేదు.

ఆ ఫోటోలో అతనెందుకు ఉన్నాడో తెలియాలంటే సేబ్యోల్ బండి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలియాలి. దాల్సు కుర్రతనంలో, కంపెనీ టాక్సీలు నడిపే రోజుల్లో, డ్రైవర్లు దాన్ని సత్తుగిన్నె అనేవాళ్ళు. ఇట్టే కాగేది, వేలు తగిలితే సొట్టపడేది, రెండు వానాకాలాలకు అడుగు చిల్లులు పడేది. సేబ్యోల్ టాక్సీకి రెండు మీటర్లు బిగించాలి, ఎక్కి తిరిగిన దూరానికి ఒకటి, దిగి తోసిన దూరానికి ఒకటి అని ఓడరేవు దగ్గరి డ్రైవర్ల హోటల్లో దాల్సు అన్న మాట బుసాన్ దాకా పాకింది. తిట్టడంలో అతనికి పోటీ లేదు. ఆ తర్వాత బండి పై దేశాలకు వెళ్ళింది. అక్కడివాళ్ళు దాన్ని చూసి పడీపడీ నవ్వడం ఒకరోజు హోటల్ టీవీలో వచ్చింది. పొద్దున్నే ఆ బండిని బండబూతులు తిట్టి వచ్చిన డ్రైవర్లే చెంచాలు కింద పెట్టేసి మౌనంగా ఉండిపోయారు. మన పిల్లాణ్ణి మనం తిట్టుకుంటాం గానీ పక్కింటివాడు తిడితే ఊరుకుంటామా? కంపెనీకీ రోషం వచ్చింది. బండి బాగుపడటం మొదలైంది. అప్పుడు ఇంకో అనుమానం పుట్టింది. పరాయి దేశాలకు మందం రేకు, మనకు అప్పడం రేకు వేస్తున్నారని. దాల్సు షోరూములకు వెళ్ళి బొటనవేలితో తలుపులు నొక్కి చూసి, సేల్స్‌మన్ల చేత గెంటించుకుని వచ్చేవాడు.

అలాంటి దాల్సు, ఇరవై ఏళ్ళ కిందట కొన్న సేబ్యోల్‌ని ఇంజన్ విప్పకుండా పది లక్షల కిలోమీటర్లు నడిపాడు. నడిపి, ఒకరోజు హోటల్లో అందరి ముందూ లేచి నిలబడి, “ఒరేయ్, ఇన్నాళ్ళూ తిట్టిన నోటితోనే చెప్తున్నా. ఇప్పుడిది బండిరా,” అన్నాడు. అంతే. కంపెనీ కోట్లు పోసి వేయించిన ప్రకటనలు చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. ఎప్పుడూ పొగిడేవాడి పొగడ్త ఎవడికి కావాలి? తిట్టేవాడు పొగిడితేనే చెవులు నిక్కబొడుచుకుంటాయి. కంపెనీవాళ్ళు వచ్చి శాలువా లాంటి పట్టీ ఒకటి భుజాన వేసి, క్యాలెండర్‌లో ఫోటో వేశారు. మాసన్‌లో టాక్సీవాడెవడూ దాల్సు వినకుండా బండి కొనడం మానేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. తల ఊపితే కొనేవాళ్ళు. కొన్నాక టైర్లకు కల్లు పోసేది అతనే. బండిలో ఏ చప్పుడొచ్చినా సర్వీస్ సెంటర్‌కి కాదు, అతని షెడ్డుకే తెచ్చేవాళ్ళు. సెంటర్‌లో కుర్రాళ్ళు కంప్యూటర్ తగిలించి ఏదో చెబుతారు, దాల్సు అన్న చెవి పెట్టి చెబుతాడు అని వాళ్ళ నమ్మకం. అలా అతని తల ఊపు మీద కొన్న బండ్లు నలభై ఒకటి. అందులో ఒకటి ఇప్పుడు పోలీసు దొడ్లో ఇనుప ముద్దగా పడి ఉంది.

ఓక్‌బున్ చేతులకున్న ఉప్పు దులుపుకుని బార్లీ టీ పోసి తెచ్చింది. బల్ల మీద కప్పు పెట్టి, దాని పక్కన గోరంత మెమరీ కార్డు పెట్టింది. నల్లది. దాల్సు దానివైపు చూడకూడదనుకుంటూనే చూశాడు.

“ఆయిల్ మార్చలేదని రాశారు బావగారూ,” అంది ఓక్‌బున్, మళ్ళీ క్యాబేజీల ముందు కూర్చుంటూ. “మూడు నెలలకోసారి ఈ సందులోనే, ఇటుకల మీద బండి ఎక్కించి, కింద దూరి మార్చుకునేవారు. పాత ఆయిల్ నా ఊరగాయ డబ్బాలోకే పట్టేవారు. ఎన్నిసార్లు పోట్లాడానో దానికోసం. ఆ సంగతి చెబితే, మా సెంటర్‌లో రికార్డు లేదుగా అమ్మా అంటున్నారు.”

“మనోళ్ళెవరు సెంటర్‌లో మార్పించారమ్మా? అందరం చేత్తోనే మార్చుకుంటాం.”

“ఆ మాట మీరొచ్చి చెప్తారా?”

“చెప్తాను. ఎందుకు చెప్పనూ.” ఇది చెప్పడానికి దాల్సుకి కష్టం కలగలేదు. నిజం కదా. కొంచెం తెరిపిన పడి టీ ఒక గుక్క తాగాడు.

“మరి ఇంకో మాట. పోవడానికి పదహారు రోజుల ముందు ఆయన మీ దగ్గరికొచ్చారు. బండి చప్పుడు చేస్తోందని.”

దాల్సు కప్పు కింద పెట్టాడు.

“వచ్చాడు.”

“విన్నారా?”

“విన్నానమ్మా. స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను.”

“ఏం వినపడింది?”

“ఏముంటుంది. పాతబడ్డ ఇంజన్ కదా, చలికి కాస్త... మామూలుగా ఉండే చప్పుడే.”

“మూడేళ్ళకే పాతబడిందా? మీ పాతదైతే పది లక్షలు తిరిగిందంటారు.”

ఓక్‌బున్ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే దాల్సుకి బాగుండేది. కసిరినవాళ్ళతో తిరిగి కసరవచ్చు, ఏడ్చినవాళ్ళను ఓదార్చవచ్చు. ఈవిడేమో క్యాబేజీ ఆకులు విప్పుకుంటూ, కూరగాయల బేరం ఆడినట్టు అడుగుతోంది.

“ఇంట్లోకొచ్చి అన్నం తింటూ చెప్పారు నాతో,” అంది. “అన్న విన్నాడు, ఏమీ లేదన్నాడు, ఇంక దిగుల్లేదు అని. ఆ రాత్రి హాయిగా పడుకున్నారు. అంతకు ముందు వారం నిద్రే లేదు ఆయనకి. ఒకటే టకటక, టకటక అని, నోటితో చేసి చూపించేవారు నాకు. నాకేం తెలుస్తుంది బావగారూ? నేను కుట్టుమిషన్ చప్పుడు తప్ప ఎరగను.”

వన్‌షిక్ నోటితో చప్పుడు చేసి చూపించడం దాల్సుకీ తెలుసు. తన ముందూ అలాగే చేశాడు, పెదాలు బిగించి, చిన్నపిల్లాడిలా. విని నవ్వాడు కూడా తను.

“ఈ కార్డులో ఎన్ని రోజులవి ఉంటాయనుకున్నారు?” అంది ఓక్‌బున్. “నేనూ ఆఖరి రోజే ఉంటుందనుకున్నా. కొత్తవి వస్తుంటే పాతవి చెరిగిపోతాయంట. కానీ బండికి దెబ్బ తగిలితే మాత్రం ఆ ముక్క వేరే దాస్తుందంట. అది చెరగదంట. స్టేషన్లో ఉన్న కుర్ర ఇన్‌స్పెక్టరమ్మ చెప్పింది. ముక్కలు రెండున్నాయి బావగారూ. ఒకటి సొరంగంలోది. పోలీసులు చూసింది అదే, నేను చూడలేదు. రెండోది మీ షెడ్డు ముందుది.”

“నా షెడ్డు ముందు దెబ్బేం తగిలింది?”

“మీరు బానెట్ దభీమని మూశారు. అది దెబ్బే అనుకుంది ఆ పిచ్చి కెమెరా.”

దాల్సు జీవితంలో ఎన్ని వేల బానెట్లు మూశాడో లెక్కలేదు. నెమ్మదిగా దించి నొక్కడం అతనికి అలవాటు లేదు. జానెడు ఎత్తునుంచి వదిలేసి, ఆ మోత వింటే గానీ పని అయినట్టుండేది కాదు. డ్రైవర్లందరూ ఆ మోత కోసమే ఎదురుచూసేవాళ్ళు. బానెట్ మూశాడంటే బండికి ఢోకా లేదన్నట్టు లెక్క. ఆ గర్వపు మోతే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

“మోత తర్వాత మీ గొంతు ఉంది,” అంది ఓక్‌బున్. “‘ఏమీ లేదురా, నడుపుకో’ అన్నారు. ఆయన నవ్వారు. కాఫీ తెస్తానుండు అన్నా అని కాఫీ మిషన్ దగ్గరికెళ్ళారు. మీరు బండిలో కూర్చుని ఇంజన్ ఆపారు. తలుపేసుకున్నారు. ఫోన్ నొక్కిన చప్పుడు. అవతల మోగుతోంది. అక్కడ ఆపేశాను నేను.”

“ఎందుకు ఆపావు?”

“భయమేసింది.”

ఆ మాట అని, లేచి నిలబడింది. “ముల్లంగులు పెరట్లో ఉన్నాయి, తడిగోనె కింద. తెచ్చుకుంటా. మీరు టీ తాగండి.” వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు ఆమె వెనక మూసుకుంది.

గదిలో దాల్సు, బల్ల, బల్ల మీద నల్లటి కార్డు మిగిలారు.

ఆ ఫోన్‌లో ఏముందో అతనికి ఒక్క అక్షరం మర్చిపోకుండా తెలుసు. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించగానే విన్నాడు ఆ చప్పుడు. లోపల ఎవరో ఇనప గుండ్లు డబ్బాలో వేసి ఆడిస్తున్నట్టు, ఆగి ఆగి, మళ్ళీ. వసంతంలో తన బండిలో విన్నదే. సందేహమే లేదు. సందేహం లేదు కాబట్టే బానెట్ మామూలు కన్నా గట్టిగా మూశాడు. వన్‌షిక్ అటు వెళ్ళగానే వాడి సీట్లో కూర్చుని మేంగ్‌కి ఫోన్ చేశాడు. మేంగ్ గారూ, ఇంకోటి వచ్చింది, నాదానిలాగే ఉంది, తాక్ వన్‌షిక్ బండి, అన్నాడు. మేంగ్ నిట్టూర్చి, ఇంజన్లు స్టాకు లేవండీ, ఒక్క నెల ఆగమనండి, రాగానే నేనే పిలిపించి మార్చేస్తాను, అప్పటిదాకా ఎవరితోనూ అనకండి, మీ సంతకం ఉంది గుర్తుంచుకోండి, అన్నాడు. నెల ఆగుతుందా అని అడిగాడు దాల్సు. ఆగుతుందిలెండి అన్నాడు మేంగ్. దాల్సు సరే అన్నాడు.

సంతకానికి భయపడ్డాడా? కొంత. కానీ నిజం చెప్పాలంటే, అతను ఎక్కువ భయపడింది హోటల్లో లేచి నిలబడ్డానికి. ఒరేయ్, నేను ఊపిన తల తప్పురా, అని నలభై ఒక్కమంది ముందు చెప్పడానికి. నెల రోజుల్లో గుట్టుగా సర్దుకుపోయేదానికి పరువు పోగొట్టుకోవడం ఎందుకనుకున్నాడు. ఆ లెక్క వేసుకుంటుండగానే వన్‌షిక్ రెండు కాగితం కప్పులు పట్టుకుని వచ్చి, చక్కెర ఎక్కువున్నది అతనికిచ్చాడు. దాల్సు తాగాడు.

వన్‌షిక్ పోయినప్పటినుంచి ఆ కాఫీ తీపి నోట్లోనే ఉంది. ఎంత కడుక్కున్నా పోవడం లేదు.

పెరట్లో గోనె లాగుతున్న చప్పుడైంది. దాల్సు చెయ్యి బల్ల మీదికి వెళ్ళింది. అతను పంపించినట్టు లేదు, అదే వెళ్ళినట్టుంది. కానీ చేతులు వాటంతట అవి వెళ్ళవు, ఆ సంగతి మనకీ తెలుసు, అతనికీ తెలుసు. కార్డు తీసి చొక్కా లోపలి జేబులో వేసుకుని, పైన స్వెట్టర్ సర్దుకున్నాడు. ఆమె విన్నది సగమే. ఆ సగంలో తను చెప్పింది ఒక్క అబద్ధమే, అది పొరపాటు అనుకోవచ్చు. చెవి మోసం చేసిందమ్మా, వయసైపోయింది అంటే నమ్ముతుంది. మిగతా సగం సముద్రంలో పడేస్తే చాలు.

ఓక్‌బున్ గంపెడు ముల్లంగులతో వచ్చింది. గంప దించింది. బల్ల వైపు ఒకసారి చూసింది. దాని మీద కప్పు ఒక్కటే ఉంది. కింద కూర్చుని, ఒక ముల్లంగి తీసుకుని గుడ్డతో మట్టి తుడవసాగింది.

“ఇంకో ఆరు రోజుల్లో ఆయన నలభై తొమ్మిదో దినం,” అంది. “గుళ్ళో సన్యాసి పేరు చదివి సాగనంపుతారు. ఆ పేరుతో పాటు ఏం కూడబెట్టుకుని పోతారో అన్నదే నా దిగులు. ముప్పై ఒక్క ఏళ్ళ బ్యాడ్జి తీసుకుని పోతారా, ఆ ఉత్తరం తీసుకుని పోతారా అని.”

“వాడి తప్పేమీ లేదమ్మా. నాకు తెలియదా?”

“మీకు తెలుసు. అది నాకు తెలుసు.” ముల్లంగి పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. “మిగతా వాళ్ళ సంగతేంటి బావగారూ? ఆ నలభై మందీ రేపు పొద్దున్న లేచి మళ్ళీ ఆ బండ్లే ఎక్కుతారు. పక్క సందులో యాంగ్ గారి అబ్బాయి నిన్న బండి కడుగుతుంటే అడిగాను, చప్పుళ్ళేమైనా వస్తున్నాయా నాయనా అని. వస్తాయి పిన్నీ, దాల్సు పెదనాన్న విని బానెట్ మూశాడు, భయం లేదు అన్నాడు.”

యాంగ్ కుర్రాడి బండి దాల్సు విన్నది పోయిన నెల. అందులో చప్పుడు చాలా సన్నగా ఉంది. సన్నగా ఉంది కాబట్టి లేదనుకున్నాడు.

“బావగారూ.”

“ఆఁ.”

“జేబులోది తీసి బల్ల మీద పెట్టండి.”

దాల్సు స్వెట్టర్ మీదినుంచే జేబును అదిమిపట్టాడు.

“అది ఖాళీది. నిన్న మూలమీది కెమెరా కొట్లో కొన్నాను. మీరు తీసుకుంటారేమో చూద్దామని పెట్టాను.” ఓక్‌బున్ తుడిచే గుడ్డ కింద పెట్టేసింది. “తీసుకోరనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, మీరు తీసుకోరనే అనుకున్నాను. ముల్లంగులు రెండుసార్లు లెక్కపెట్టాను పెరట్లో, మీకు టైమివ్వాలని కాదు, లోపలికి రావడానికి నాకే కాళ్ళు రాక.”

దాల్సు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా పీట వేసి కూర్చోబెట్టిన మనిషి. ఆ క్షణంలో తనంత నీచుడు మాసన్‌లో లేడనుకున్నాడు. ఆ అనుకోవడంలో తప్పేమీ లేదు.

“కాఫీ మిషన్ దగ్గరికెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుంది?” అంది ఓక్‌బున్. “మూడు నిమిషాలు? ఆ మూడు నిమిషాల్లో మీరు ఎవరితో మాట్లాడారో, ఏం మాట్లాడారో మీ నోటితో చెప్పండి. నేను విని ఏడ్చినా, మీ మొహాన ఉప్పు కొట్టినా అది మన ఇంటి సంగతి. ఆయన మిమ్మల్ని అన్నా అని పిలిచారు. మీరు చెప్తే అది అన్న చెప్పిన మాట అవుతుంది. కార్డు చెప్తే వేరే అవుతుంది.”

“చెప్తానమ్మా,” అన్నాడు దాల్సు. “చెప్తాను. అసలు కార్డు ఎక్కడుంది?”

అడిగాక సిగ్గుపడ్డాడు. ఇంకా అదే అడుగుతున్నాను చూడు అనుకున్నాడు. ఓక్‌బున్ కూడా అదే అనుకున్నట్టుంది, తల అడ్డంగా ఊపింది.

“నా దగ్గర లేదు. నాకు వినే గుండె లేదని మొన్ననే ఇచ్చేశాను, వినే హక్కున్నవాళ్ళకి. మిమ్మల్ని పిలవమన్నది కూడా వాళ్ళే.”

లేచి, పడకగదికీ ముందుగదికీ మధ్యనున్న జారుడు తలుపు పక్కకి తోసింది.

లోపల నేలమీద ఒక సన్నపాటి ఆడమనిషి కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ముందు పళ్ళెం నిండా తెల్లటి రెబ్బలు, ఒళ్ళో కాగితం మీద పొట్టు. యాభై దాటిన వయసు, జుట్టు వెనక్కి లాగి రబ్బరుతో కట్టుకుంది. దాల్సు ఆవిణ్ణి ఒక్కసారే చూశాడు, ఆసుపత్రి శవాల గది ముందు. అప్పుడు ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని నిలబెట్టి ఉన్నారు. యూన్‌జు తల్లి.

ఆమె ఉమ్మలేదు. చేతిలో ఉన్న వెల్లుల్లి రెబ్బ ఒలవడం పూర్తి చేసి పళ్ళెంలో వేసింది.

“మొదట తిట్టడానికే వచ్చాను ఈ ఇంటికి,” అంది దాల్సుతో. నింపాదిగా మాట్లాడే మనిషి. “వచ్చి చూస్తే ఈవిడ ఒక్కతే ఇన్ని క్యాబేజీలేసుకుని కూర్చుంది. ఎవరైనా చేయి వేయకపోతే కుళ్ళిపోతాయిగా. నేను మా బడి వంటగదిలో పనిచేస్తాను, ఇది నాకు చేతనైన పని. రోజూ మా అమ్మాయి గురించి నేనూ, ఆయన గురించి ఈవిడా చెప్పుకుంటాం. ఆయిల్ మార్చని మనిషి కాదని మూడో రోజుకే నాకర్థమైంది.”

“అమ్మా...” అన్నాడు దాల్సు. మోకాళ్ళ మీదికి వంగి తల నేలకు ఆనించబోయాడు.

“మొక్కులొద్దు. కూర్చోండి.” ఆమె ఒళ్ళో పొట్టు కాగితం మడిచి పక్కన పెట్టింది. “ఈవిడ ఆపేసిన చోటునుంచి నేను విన్నాను. మొన్న విన్నాను, నిన్న విన్నాను, ఇవాళ పొద్దున బస్సులో చెవికి పెట్టుకుని విన్నాను. నెల ఆగుతుందా అని మీరడిగారు.”

ఓక్‌బున్ తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి అతని వైపు చూసింది. నెల అంటే ఏమిటో, ఏది ఆగాలో, ఎవరినడిగారో ఆమెకేమీ తెలియదని ఆ చూపే చెబుతోంది.

యూన్‌జు తల్లి దాల్సు మొహం మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

“ఈవిడకి నేనింకా ఒక్క ముక్క చెప్పలేదు,” అంది. “మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”